మెత్తనయ్యకు కబుర్లు చెప్పిన కొండముచ్చు

అనగనగా ఒక అడవి ఉండేది. ఎంత పెద్ద అడవంటే, ఈ కొసన బయలుదేరిన దుప్పి ఆ కొసకు చేరేసరికి దాని కొమ్ములు రాలిపోయి మళ్ళీ మొలిచేవట. ఇప్పుడంత అడవి లేదులెండి. ఉన్నప్పటి మాట చెబుతున్నాను. దగ్గరికి జరిగి కూర్చోండి.

ఆ అడవిలో తునికమ్మ అనే ముసలి కొండముచ్చు ఉండేది. నల్లటి ముఖం, బూడిదరంగు ఒళ్ళు, తనకంటే పొడుగైన తోక. ఆమె పని కాపలా. అడవి నడుమ ఒక బూరుగుచెట్టు ఉండేది. పొద్దున్నే దాని చిటారుకొమ్మకెక్కి నాలుగు దిక్కులా చూసేది. పులి కదిలినా, చిరుత పొంచినా "ఖక్! ఖక్!" అని అరిచేది. ఆ కేక చెవిన పడగానే కింద మేస్తున్న దుప్పులు తోకలెత్తి పరుగు తీసేవి.

ఆ దుప్పుల మందకు పెద్ద గంధమ్మ. తునికమ్మకూ ఆమెకూ చిన్ననాటి స్నేహం. మొర్రిపళ్ళ కాలం వచ్చిందంటే తునికమ్మ పైనుంచి కొమ్మలు దులిపేది. గంధమ్మ కింద ఏరుకుని తినేది.

"అన్నీ పచ్చివే రాలుస్తున్నావు. ఆ పక్క కొమ్మ దులుపు" అని గంధమ్మ సణిగేది.

"కూర్చున్నచోటికి వచ్చి పడుతున్నాయి కదా, అందుకే వంకలు" అని తునికమ్మ నవ్వేది.

అవి అలాంటి రోజులు. ఎండ కూడా నెమ్మదిగా నడిచే రోజులు.

ఒక కార్తీక మాసంలో, వానలు వెనకపట్టాక, ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరుస్తున్న పొద్దున, పైనుంచి ఒక బిందె దిగింది. బిందె అంటే మన ఇంట్లో బిందె కాదు. ఒక గుట్టంత బిందె. అది దిగినచోట గడ్డి మాడిపోయింది. దాని మూతి తెరుచుకుని ఎవరెవరో బయటికి వచ్చారు. వాళ్ళ ఒంటి మీద వెంట్రుక లేదు, ఈక లేదు, పొలుసు లేదు. వాగులో అరిగిన గులకరాళ్ళలా నున్నగా ఉన్నారు. నడిస్తే ఆకు చప్పుడు కూడా కాలేదు.

వాళ్ళు ఏ చుక్క నుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. వచ్చిన పని మాత్రం తొందరగానే తెలిసింది. వెలుతురుతో పేనిన తాళ్ళు విసిరి, దొరికిన జీవాన్నల్లా పట్టి బిందెలో వేసుకుంటున్నారు. బిందె నిండాక తమ చుక్కకు పట్టుకుపోవాలని వాళ్ళ ఆలోచన.

తునికమ్మ బూరుగు మీద నుంచి అదంతా చూసింది. ఆమె అరిచిన అరుపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. వెనక కొండల్లో గువ్వల బిలం అని ఒక చోటు ఉంది. ఆపద వస్తే అందరూ అక్కడికి చేరాలని పెద్దల నాటి నుంచీ అనుకున్న మాట. కేక వినగానే అడవి అడవంతా ఆ దారి పట్టింది.

"తునికమ్మా, దిగు! పోదాం!" అని కొండముచ్చులు పిలిచాయి.

"మీరు నడవండి. ఇంకా లేళ్ళు దాటలేదు. కుందేళ్ళు దాటలేదు. నేను దిగితే వాళ్ళకు ఎవరు చెబుతారు?" అంది తునికమ్మ.

ఆఖరి లేడిపిల్ల కొండ దాటి కనుమరుగయ్యేదాకా ఆమె అరుస్తూనే ఉంది. అప్పుడు దిగబోయింది. వెలుతురు తాడు ఒకటి వచ్చి ఆమె నడుముకు చుట్టుకుంది.

బిందె లోపల అన్నీ బోనులే. చువ్వలకు బదులు వెలుతురు దారాలు. ముట్టుకుంటే తేలు కుట్టినట్టు ఉండేది. పక్క బోనులో బైరప్ప అనే ఏదుపంది ఉన్నాడు. బొరియలో నిద్రపోతూ కేక వినక దొరికిపోయాడు. మాట తక్కువ, ముళ్ళు ఎక్కువ.

ఆకాశం నుంచి వచ్చినవాళ్ళు మన జీవాల మాట తొందరగానే పట్టేశారు. కాపలా కొండముచ్చుకు తెలియని చోటు ఉండదని కూడా పసిగట్టారు. మొదట తునికమ్మకు తిండి పెట్టకుండా మాడ్చారు. "మిగతావాళ్ళు ఎక్కడ?" అని అడిగారు. ఆమె చెప్పలేదు. తర్వాత బోను దారాలను ఒంటికి తగిలేలా దగ్గరికి జరిపారు. మళ్ళీ అడిగారు. పళ్ళు బిగబట్టి కూర్చుంది గానీ చెప్పలేదు.

అప్పుడు వాళ్ళలో ఇంకొకడు వచ్చాడు.

వాడు అరవలేదు. బోను ముందు చతికిలబడి కూర్చున్నాడు. గొంతు బూరుగుదూదిలా మెత్తగా ఉంది. అందుకే లోపలున్న జీవాలన్నీ వాడికి మెత్తనయ్య అని పేరు పెట్టుకున్నాయి.

"అవ్వా" అన్నాడు.

తునికమ్మ వాడికి వీపు తిప్పి కూర్చుంది.

"అవ్వా, నీకోసం సీతాఫలం తెచ్చాను. మావాళ్ళకు తెలిస్తే నన్ను తిడతారు. తినేసి తొక్క నాకిచ్చెయ్యి. నేను దాచేస్తాను."

ఆకలి మీద ఉన్న తునికమ్మ పండు తీసుకుంది. తొక్క వాడి చేతిలో పెట్టింది. ఆ చిన్న గుట్టు ఇద్దరిదీ అయింది.

"నీవాళ్ళు ఎక్కడున్నారని నేను అడగను. నువ్వు చెప్పబోయినా నేను వినను" అన్నాడు మెత్తనయ్య. "నాకు మీ అడవంటే ఇష్టం అవ్వా. మా చుక్క మీద చెట్టు లేదు, పిట్ట లేదు. చిన్నప్పుడు మాకు కబుర్లు చెప్పే అవ్వలూ లేరు. నీకు గుర్తున్నదేదో ఒకటి చెప్పు. పాతది. ఎవరికీ పనికిరానిది."

పిల్లలూ, ఇక్కడ ఒక మాట చెప్పాలి. తునికమ్మకు పాత కబుర్లంటే ప్రాణం. కానీ వినేవాళ్ళు ఎవరు? కుర్ర కొండముచ్చులు ఆమె నోరు తెరవగానే "మళ్ళీ మొదలెట్టింది" అని పక్క చెట్టుకు దూకేవి. గంధమ్మ కూడా సగంలోనే "నాకు తెలుసులే" అనేది. ఇన్నేళ్ళలో "చెప్పు" అని అడిగినవాడు ఈ ఒక్కడే.

ఆమె ఇప్పతోపు గురించి చెప్పింది. చైత్రమాసంలో ఇప్పపూలు ఎలా రాలుతాయో చెప్పింది. తెల్లారేసరికి నేలంతా పచ్చని ముత్యాలు పోసినట్టు ఉంటుందనీ, ఆ తీపి వాసన కొండ అవతలిదాకా పోతుందనీ చెప్పింది. ఎలుగులు ఎక్కడున్నా ఆ వాసనకు వచ్చి, పూలు మెక్కి, మత్తెక్కి, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతాయని చెప్పి నవ్వింది. మెత్తనయ్య కూడా నవ్వాడు.

"తోపు ఏ వైపున ఉంటుంది అవ్వా? ఊరికే, కళ్ళముందు బొమ్మ కట్టుకుందామని."

"పొద్దు పొడిచే వైపు" అంది తునికమ్మ.

మెత్తనయ్య రోజూ వచ్చేవాడు. రోజూ ఒక కబురు. చెబుతున్నంతసేపూ ఆమెకు బోను గుర్తొచ్చేది కాదు. తన అడవిలో తాను తిరుగుతున్నట్టే ఉండేది.

చైత్రం వచ్చింది. ఒక మధ్యాహ్నం బిందె మూతి తెరిచి ఎలుగులను ఈడ్చుకొచ్చారు. ఒక తల్లి ఎలుగు, దాని పిల్లలు, ఇంకా కొన్ని. వాటి ఒళ్ళంతా ఇప్పపూల వాసన. తోపులో తాళ్ళు పట్టుకుని కాపు కాశారట. ఆ వెలుతురు తగిలి చెట్లన్నీ మొదలంటా మాడిపోయాయట.

మెత్తనయ్య వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. "మావాళ్ళు గాలిస్తూ గాలిస్తూ పోయి పట్టారు అవ్వా. నేను వద్దన్నా వినలేదు. నా మనసు బాగాలేదు. ఏదైనా మంచి కబురు చెప్పవూ?"

ఆమెకు వాడి మీద జాలేసింది. కొండ వెనక తెల్లటి చవుడు నేల గురించి చెప్పింది. ఎండాకాలంలో అడవిదున్నలు వరసకట్టి వచ్చి ఆ ఉప్పుమట్టిని ఎలా నాకుతాయో, దూడలు తల్లి మూతికి అంటిన మట్టిని కూడా ఎలా నాకేస్తాయో చెప్పింది.

కొన్నాళ్ళకు అడవిదున్నలూ వచ్చి పడ్డాయి.

అప్పుడు బైరప్ప నోరు విప్పాడు. "అక్కా, తోపు సంగతి చెప్పావు, ఎలుగులొచ్చాయి. చవుడు సంగతి చెప్పావు, దున్నలొచ్చాయి. నీకేమీ అనిపించడం లేదా?"

"నేను చెప్పినవి పాత కబుర్లు! నీకు ఎవరి మంచీ కనబడదు బైరప్పా. ఒంటి నిండా ఉన్న ముళ్ళు మనసులోకీ దిగబడ్డట్టున్నాయి" అని తునికమ్మ కోప్పడింది.

బైరప్ప ముళ్ళు ముడుచుకున్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. కానీ తునికమ్మకు ఆ రోజంతా తిండి సయించలేదు.

మర్నాడు మెత్తనయ్య నత్తగుల్ల లాంటిదొకటి పట్టుకొచ్చాడు. "అవ్వా, నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ నీ దగ్గర దాచలేను. మావాళ్ళు కొండల్లో తిరుగుతుంటే నీ గంధమ్మ మాటలు ఈ గుల్లలో పడ్డాయి. విను."

గుల్లలోంచి గంధమ్మ గొంతు వచ్చింది. అచ్చంగా ఆమె గొంతే. చివర కొంచెం బొంగురు పోయే ఆ గొంతే.

"తునికమ్మ పోతే పోనీ. ముసలిదైపోయింది. మొర్రిపళ్ళు కూడా పచ్చివే రాల్చేది. ఇప్పుడు మాకు కాపలాకు వేరే కొండముచ్చు ఉంది."

తునికమ్మ ఉన్నచోటే కూలబడింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకు అవ్వా" అన్నాడు మెత్తనయ్య. "ఆఖరిదాకా చెట్టు దిగకుండా వాళ్ళను కాచావు. ఒక్కరైనా నిన్ను వెతుక్కుంటూ వచ్చారా? మరిచిపోయినవాళ్ళను నువ్వెందుకు దాచాలి? ఎక్కడున్నారో చెప్పు. నేనే పోయి అడుగుతాను, మా అవ్వను ఎందుకు వదిలేశారని."

తునికమ్మ నోరు తెరిచింది. "గువ్వల" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఆ గొంతు చెవుల్లో ఇంకా తిరుగుతోంది. తునికమ్మ పోతే పోనీ. తునికమ్మ.

గంధమ్మ తనను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పసితనం నుంచీ "పైదానా" అనే పిలిచేది. తను ఆమెను "కిందిదానా" అనేది. అది వాళ్ళిద్దరి మధ్య ఉండే మాట. పరాయివాడి ముందు ముద్దుపేర్లెందుకని మెత్తనయ్యకు కబుర్లు చెప్పేటప్పుడు గంధమ్మ అనే చెప్పింది. పచ్చి మొర్రిపళ్ళ సంగతి కూడా, ఆమెలా గొంతు బొంగురు పెట్టి మరీ చెప్పింది.

ఆ గుల్లలో తను చెప్పిందే ఉంది. గంధమ్మకు మాత్రమే తెలిసినది ఒక్క ముక్క కూడా లేదు.

ఆ ఒక్కటీ తెలియగానే మిగతావన్నీ తెలిసిపోయాయి. ఇప్పతోపు ఏ వైపని అడగడం. తొక్క దాచడం. తల దించుకుని కూర్చోవడం. ఎలుగుపిల్లలు ఇంకో పక్క బోనులో ఏడుస్తున్నాయి. వాటిని అక్కడికి తెచ్చింది తన నోరే.

"తల తిరుగుతోంది నాయనా" అంది నుదురు పట్టుకుని. "రేపు చెబుతాను."

"నీ ఇష్టం అవ్వా. తొందరేముంది?" అంటూ వాడు మెల్లగా వెళ్ళిపోయాడు.

తునికమ్మ తల్లి ఎలుగు వైపు తిరిగి జరిగిందంతా చెప్పింది. "నావల్లే తల్లీ. తెలియక చేశాను" అంది.

తల్లి ఎలుగు పిల్లలను దగ్గరికి లాక్కుంది. "నా పిల్లలు నిద్రపోవడం లేదు. నీ సంగతి తర్వాత చూద్దాం" అని ముఖం తిప్పుకుంది.

బైరప్ప మాత్రం ఇటు తిరిగాడు. "అయిందేదో అయింది. ఇక నోరు మూసుకుని కూర్చో అక్కా."

"మూసుకుంటే వాడికి తెలిసిపోతుంది బైరప్పా. నన్ను వదిలేసి ఎలుగుపిల్లల దగ్గర చేరతాడు. పసివాళ్ళు. తేనె చూపిస్తే ఏదైనా చెప్పేస్తారు. నేనే మాట్లాడాలి."

"ఏం మాట్లాడతావు?"

"అదే ఆలోచిస్తున్నాను. ఇన్నాళ్ళూ నేను చెప్పింది వాడు విన్నాడు. వాడు అడిగింది నేను వినలేదు."

ఆమె మెత్తనయ్య అడిగిన మాటలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. ఎక్కడ, ఎటువైపు, ఎప్పుడు, ఎందరు. అన్నీ పట్టుకోవడానికి పనికొచ్చే మాటలే. ఒక్కటి మాత్రం విడిగా నిలబడింది. ఒకసారి ఆమె ఏదో చెబుతూ, "ఇంతలో వాన వచ్చింది, అందరం పరుగో పరుగు" అంది. అప్పుడు వాడు అడిగాడు: "వాన పులికంటే పెద్దదా అవ్వా?"

వాడు వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆమె నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు అర్థమైంది. వాళ్ళు దిగింది వానలు వెనకపట్టాక. దిగినప్పటి నుంచీ చినుకు పడలేదు. చెట్టే లేని చుక్క మీద వాన ఎక్కడిది? వాడికి వానంటే ఏమిటో తెలియదు.

మర్నాడు మెత్తనయ్య రాగానే తునికమ్మే ముందు మాట్లాడింది.

"నాయనా, నావాళ్ళు ఎక్కడో దాక్కుని ఎవరికోసం ఎదురుచూస్తున్నారో తెలుసా?"

"ఎవరికోసం?"

"వానకోసం."

వాడి కళ్ళు మెరిశాయి. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి వాడికోసమే చెప్పాలనుకుంది. కానీ చెబుతూ చెబుతూ తనే కరిగిపోయింది.

"వాన రాకముందు అడవి ఊపిరి బిగబడుతుంది నాయనా. ఆకు కదలదు. నెమళ్ళకు ముందే తెలుస్తుంది, పిలుస్తూనే ఉంటాయి. తర్వాత గాలి వస్తుంది. ఆ గాలిలో ఒక వాసన. దాన్ని ఏమని చెప్పను? నా తల్లి నన్ను పొట్టకు కరుచుకుని చెట్లు దూకేటప్పుడు మొదటిసారి ఆ వాసన చూశాను. ఈ ముసలితనంలోనూ ఆ వాసన తగిలితే నా తల్లి పొట్ట వెచ్చదనం గుర్తొస్తుంది. అప్పుడు వాన కొండ మీద దిగుతుంది. పులి తప్పుకుంటుంది. దున్న తప్పుకుంటుంది. ఎవరైనా తప్పుకోవాల్సిందే. కానీ అందరూ దానికోసమే బతుకుతారు."

"దానికి ఎన్ని కాళ్ళు?"

"దూరం నుంచి చూస్తే లెక్కపెట్టలేనన్ని."

"అరుస్తుందా?"

"పెద్దగా ఉరుముతుంది. బండలు అదురుతాయి."

"ఏం తింటుంది?"

"అది తినదు నాయనా. అందరికీ పెడుతుంది."

మెత్తనయ్య ముందుకు వంగాడు. అడవికంతటికీ పెద్ద అన్నమాట! దాన్ని పట్టేస్తే మిగతావన్నీ వాటంతట అవే వచ్చి కాళ్ళ దగ్గర పడతాయి. దాక్కున్నవాళ్ళను వెతకాల్సిన పనే లేదు.

"ఏ దారిన వస్తుంది అవ్వా?"

"పై కొండల నుంచి గుండ్లవాగు ఇరుకులోకి దూకుతుంది. ఏటా అదే దారి."

"ఇంతవరకూ ఎవరైనా దాన్ని పట్టారా?"

"మనుషులు కొంచెం కొంచెం పట్టి దాచుకుంటారని విన్నాను. మొత్తం పట్టినవాడైతే లేడు."

"ఇన్నాళ్ళూ నాకు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?" వాడి గొంతులో మెత్తదనం ఒక్క క్షణం చెదిరింది.

"చెప్పాను నాయనా. పులికంటే పెద్దదా అని నువ్వే అడిగావు. తర్వాత నువ్వే వదిలేశావు."

మెత్తనయ్య తెలివితక్కువవాడేమీ కాదు. ఆమె మాట ఒక్కటే నమ్మలేదు. దున్నల పెద్ద దగ్గరికి పోయి అడిగాడు: "వాన నిజంగా వస్తుందా?" దున్న నిట్టూర్చింది. "రాకపోతే మేం బతుకుతామా?" అంది. ఎలుగుపిల్లల దగ్గరికి పోయి అడిగాడు. పిల్లలు గంతులేశాయి. "వాన వస్తోందా? ఎప్పుడు? అమ్మా, వానట!" ఆఖరుకు బైరప్పను అడిగాడు. బైరప్ప తునికమ్మ వైపు ఒకసారి చూశాడు. "నా ముందు దాని పేరెత్తకు. పోయిన ఏడు నా బొరియలోకి వచ్చి ఇల్లంతా పాడుచేసి పోయింది" అన్నాడు.

ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. మెత్తనయ్యకు నమ్మకం కుదిరింది. బిందెను గుండ్లవాగు ఇరుకులో పెట్టి, మూతిని కొండవైపుకు తెరిచి, వాన లోపలికి రాగానే మూసెయ్యాలని ఏర్పాటు చేశాడు. వాగులో అప్పుడు చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక, నున్నటి గుండ్లు.

తునికమ్మ చుట్టూ చూసింది. బోనులన్నీ బిందెలోనే ఉన్నాయి. ఎలుగుపిల్లలు, దున్నలు, బైరప్ప. ఏం చెయ్యాలి? భయం కనబడనివ్వకుండా మెల్లగా అడిగింది.

"అంత పెద్దదాన్ని ఎక్కడ పెడతావు నాయనా? లోపలంతా మేమే ఉన్నాం కదా."

మెత్తనయ్య బిందె నలువైపులా చూశాడు. నిజమే, ఎక్కడా చోటు లేదు.

"మీ అందరినీ పైన గట్టు మీదికి చేరుస్తాను. అక్కడి నుంచి చూడండి, మీ వానను నేను పట్టడం" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి ముఖంలో ఉన్న సంబరం దాచినా దాగలేదు.

బోనులను మద్దిచెట్ల గట్టు మీదికి మోసుకెళ్ళారు. వాటి వెలుతురు తీగలు మాత్రం కిందున్న బిందెకే కలిపి ఉన్నాయి. రోహిణి కార్తె ఎండలు రాళ్ళను పగలగొడుతున్నాయి. "చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కితే వాన దగ్గరికొచ్చినట్టే" అని తునికమ్మ చెప్పింది. మెత్తనయ్య రోజూ వంగి చీమలనే చూస్తూ తిరిగాడు.

చీమలు ఒక పొద్దున గట్టెక్కాయి. మధ్యాహ్నానికి పై కొండలు నల్లబడ్డాయి. నెమళ్ళు పిలవడం మొదలుపెట్టాయి. గాలి లేచింది. ఆ గాలిలో ఆ వాసన ఉంది. బోనులో కూర్చున్న తునికమ్మ కళ్ళు మూసుకుంది.

మెత్తనయ్య తన వాళ్ళందరితో బిందె మూతి దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చినుకు వాడి నున్నటి తల మీద పడింది. తడుముకుని పైకి చూశాడు. ఇంకొకటి పడింది.

"అవ్వా! ఇదేమిటి?" అని కిందనుంచి అరిచాడు.

"వాన నాయనా. వచ్చేసింది" అంది తునికమ్మ.

"ఎక్కడ? నాకేమీ కనబడటం లేదే!"

అప్పుడు ఇరుకులోంచి ఉరుము లాంటి మోత వినబడింది. కొండ నీళ్ళు ఎర్రగా, చెట్ల మొదళ్ళు దొర్లించుకుంటూ, గుండ్లు గుండ్లను కొట్టుకుంటూ దూకాయి. తెరిచి ఉన్న బిందె మూతిలోకి వాగు వాగంతా దూరింది. బిందె కొబ్బరి చిప్పలా తిరిగింది, బండకు కొట్టుకుంది, మళ్ళీ తిరిగింది. గట్టు మీద బోనుల వెలుతురు రెపరెపలాడి ఆరిపోయింది.

"పరుగెత్తండి!" అని తునికమ్మ అరిచింది. చాలాకాలం తర్వాత ఆమె గొంతులోంచి ఆ పాత కేక వచ్చింది. "ఖక్! ఖక్!" దున్నలు కదిలాయి. ఎలుగుపిల్లలు తల్లి వీపెక్కాయి. బైరప్ప ముళ్ళు తడుస్తుంటే తిట్టుకుంటూ పొదల్లోకి దూరాడు.

మెత్తనయ్య బిందె మూతిని పట్టుకుని వేలాడుతున్నాడు. "అబద్ధం చెప్పావు అవ్వా!" అని గట్టిగా అరిచాడు. గొంతులో ఇప్పుడు మెత్తదనమే లేదు.

"ఒక్క మాట కూడా అబద్ధం లేదు నాయనా. నువ్వు పట్టుకుందామని విన్నావు. వానంటే ఏమిటో తెలుసుకుందామని వినలేదు."

వాడి తోటివాళ్ళు వాడిని లోపలికి లాగి మూతి మూశారు. బిందె ఎలాగో నీటి మీద నుంచి లేచింది. అతుకులన్నింటిలోంచీ నీళ్ళు కారుస్తూ, అటూ ఇటూ ఊగుతూ మబ్బుల్లోకి పోయింది. మళ్ళీ ఆ అడవికి రాలేదు.

అందరూ పోయినా తునికమ్మ మాత్రం గట్టు మీదే తడుస్తూ కూర్చుంది.

తర్వాత బిలంలో ఉన్నవాళ్ళంతా తిరిగి వచ్చారు. అడవి మళ్ళీ అడవయింది. కానీ ఇప్పతోపు మాత్రం చిగురించలేదు. చైత్రం వస్తే ఎలుగులు అలవాటుగా అటు వెళ్ళి, మాడిన మొదళ్ళను వాసన చూసి తిరిగి వచ్చేవి. తల్లి ఎలుగు ఏడాదిపాటు తునికమ్మతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకసారి, పిల్లలకు తేనె పట్టు దొరికిందని చెప్పింది. అంతే. తునికమ్మకు అదే చాలనిపించింది.

ఒక సాయంత్రం గంధమ్మ చెట్టు కిందికి వచ్చింది. తునికమ్మ ఎటో చూస్తూ కూర్చుని ఉంది.

"ఏమాలోచిస్తున్నావు?" అని గంధమ్మ అడిగింది.

"వాడి గురించి."

"ఆ మోసగాడి గురించా! నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదు? చాలా ఉంది. కానీ వాడు చాలా బాగా వినేవాడే. అంత బాగా విన్నవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది."

 గంధమ్మ చెట్టు మొదట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అటుగా ఆడుకుంటున్న కుర్ర కొండముచ్చులను, లేడిపిల్లలను గట్టిగా కేకేసి పిలిచింది.

"అందరూ ఇటు రండి. కూర్చోండి. ఇప్పతోపు మీరు చూడలేదు కదా? ఈమె చూసింది" అంది. తర్వాత తల పైకెత్తింది. "చెప్పు. మొదటి నుంచీ చెప్పు. ఈసారి మధ్యలో అడ్డు రాను."

తునికమ్మ ఒక్కొక్క కొమ్మే దిగి, వాళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంది.

నీతి: ఓపిగ్గా విన్నంత మాత్రాన ఎవరూ మనవాళ్ళు కారు, విన్నదానితో ఏం చేస్తున్నారో చూసుకోవాలి. మన పెద్దవాళ్ళ కబుర్లు మనమే కూర్చుని వింటే, మోసగాడికి ఆ చోటు దొరకదు.